తెర మీది బొమ్మ ఆలస్యమగుట ఏల?

నేటి కళాశాలలలో సభ యనిన వేదిక, మైకు, పూలదండలు ఎంత అవసరమో, తెరయు ప్రొజెక్టరును అంతే అవసరములైనవి. వార్షికోత్సవము, వీడ్కోలు సభ, విద్యార్థి సెమినారు, అన్నిటికిని స్లయిడులు తయారు కావలసినదే. ఈ సభలలో తరచుగా కానవచ్చు దృశ్యమొకటి కలదు. వక్త ఒక విషయమును చెప్పుచుండును. తెర మీద దానికి సంబంధించిన చిత్రము రాదు. వక్త మరియొక పర్యాయము మీట నొక్కును, అప్పటికిని రాదు. మూడవసారి నొక్కగానే మొదటి చిత్రము, రెండవ చిత్రము, మూడవ చిత్రము ఒకదాని వెంట నొకటి పరుగెత్తిపోవును. సభలో నవ్వులు వినబడును. అంతట వేదిక మీదనుండి ‘టెక్నికల్ ప్రాబ్లమ్’ అను రెండు మాటలు వెలువడును. ఆ రెండు మాటలతో సంగతి ముగిసిపోవును గాని కారణమేమో ఎవరును విచారింపరు. కావుననే మరుసటి ఏడు అదే వేదిక మీద అదే జరుగును.

ఇది చిన్న విషయమని కొందరు తలచవచ్చును. మేమట్లు తలచము. సెమినారులో ఒక విద్యార్థికి పది నిమిషములు మాత్రమే లభించును. ఇంట కంప్యూటరు లేని విద్యార్థిని, ఇంటర్నెట్ కేంద్రములో గంటల లెక్కన రుసుము చెల్లించి, తన పత్రమునకు ఇరువది స్లయిడులు సిద్ధము చేసికొన్నదనుకొందము. ఆమె విషయము 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనదికి వచ్చిన వరద. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొన్నారని ఆమె చెప్పుచున్న క్షణముననే ఆ చెట్టు తెర మీద కానరావలెను. అది అర నిమిషము ఆలస్యముగా వచ్చినచో, ఆమె అప్పటికి పునర్నిర్మాణమును గూర్చి చెప్పుచుండును. చూచువారికి చెట్టెందుకో తెలియదు. ఇట్లు నాలుగు చిత్రములు ఆలస్యమైనచో రెండు నిమిషములు పోవును. పదింటిలో రెండు! న్యాయనిర్ణేతలు కోల్పోయిన కాలమును లెక్కింతురేగాని దాని కారణమును లెక్కింపరు. వారి తప్పును కాదు. కాని ఆ విద్యార్థిని శ్రమకు నష్టము కలిగినది. ఈ నష్టము దాదాపు ఎల్లప్పుడును నివారింపదగినదే.

స్లయిడు అను మాట కంప్యూటరుతో పుట్టినది కాదు. మన పెద్దలలో పలువురు సినిమాహాళ్లలో ఆట మొదలగుటకు ముందు గాజుపలకల మీద వ్రాసిన బట్టల దుకాణముల ప్రకటనలను చూచియుందురు. అవియే స్లయిడులు. కోడక్ సంస్థ 1961లో కారౌసెల్ అను ప్రొజెక్టరును విడుదల చేసినది. దాని పైన గుండ్రని పళ్లెము, పళ్లెములో 80 చిన్న ఫిలిము చట్రములు. మీట నొక్కగా ఒక చట్రము పైకి లేచును, పళ్లెము ఒక గడి తిరుగును, మరియొక చట్రము క్రిందికి దిగును. ఈ లేచుటకును దిగుటకును నడుమ తెర కొంతతడవు చీకటిగా నుండెడిది. ఆ చీకటిని పోగొట్టుటకై రెండు ప్రొజెక్టరులను ప్రక్కప్రక్కన నుంచి, ఒకదాని దీపము తగ్గుచుండగా రెండవదాని దీపమును పెంచుచు, ఒక చిత్రము మరియొకదానిలో కలిసిపోవునట్లు చేసెడివారు. నేడు ట్రాన్సిషన్ పేరిట మనమెన్నుకొను హంగులలో ‘ఫేడ్’ అనునది ఆ రెండు దీపముల పనియే. కోడక్ వారు స్లయిడు ప్రొజెక్టరుల తయారీని 2004లో నిలిపివేసిరి. అమెరికాలోని ఫోర్‌థాట్ అను చిన్న సంస్థలో రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ మొదలగువారు రూపొందించిన పవర్‌పాయింట్ 1987లో మెకింటోష్ యంత్రములకు వెలువడినది. అదే సంవత్సరము మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కోటి 40 లక్షల డాలర్లకు కొన్నది. విండోసు కూర్పు 1990లో వచ్చినది. పళ్లెము పోయినది, ఇనుప చేయి పోయినది, కాని ఒక చిత్రమును తీసి మరియొక దానిని దింపుటకు కొంత కాలము పట్టునను ధర్మము మాత్రము పోలేదు. ఇనుము చేయు పనిని నేడు లెక్కలు చేయుచున్నవి, అంతయే భేదము.

బొమ్మ బరువు

చిత్రము ఆలస్యమగుటకు ప్రధాన కారణము దాని పరిమాణము. దీనిని కొంచెము విపులముగా చూతము.

మన గుడిమల్కాపూరు పూలమార్కెట్టును గూర్చి ఒక విద్యార్థి బృందము స్లయిడులు చేయుచున్నదనుకొందము. తెల్లవారుజామున బంతిపూల రాశులను, చామంతి బుట్టలను, గులాబీ కట్టలను ఫోనుతో చిత్రించిరి. నేటి ఫోను తీయు సామాన్య చిత్రములో అడ్డముగా 4000 చుక్కలు, నిలువుగా 3000 చుక్కలు ఉండును. వీనినే పిక్సెళ్లందురు. గుణించినచో కోటి 20 లక్షల చుక్కలు. ప్రతి చుక్కకును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల పాళ్లను తెలుపుటకు మూడు బైట్లు కావలెను. అనగా మొత్తము 3 కోట్ల 60 లక్షల బైట్లు. కాని ఫోనులో ఆ ఫైలు సుమారు 40 లక్షల బైట్లు, అనగా 4 ఎంబీ, మాత్రమే కనిపించును. మిగిలినది ఎక్కడికి పోయినది? జేపెగ్ అను పద్ధతి, 1992లో ప్రమాణముగా అంగీకరింపబడినది, చిత్రమును నొక్కి మడిచి చిన్నది చేసి దాచును. పెట్టెలో మడత పెట్టిన చీర వంటిదది. పెట్టెలో చోటు తక్కువయే. కాని కట్టుకొనవలెనన్న మొత్తము విప్పవలసినదే.

మనము మీట నొక్కినప్పుడు కంప్యూటరు చేయు పని ఇది. మొదట ఆ ఫైలును డిస్కు నుండి చదువును. తరువాత మడతలు విప్పి 3 కోట్ల 60 లక్షల బైట్లుగా జ్ఞాపకశక్తిలో పరచును. పిమ్మట తెరకు సరిపోవునట్లు కుదించును. ఆ మీదట ప్రొజెక్టరునకు పంపును. ఇందులో విప్పుటయు కుదించుటయు శ్రమతో కూడిన పనులు. క్రొత్త యంత్రము వీనిని కనురెప్పపాటులో చేయును. కళాశాల ప్రయోగశాలలలో ఏడెనిమిది సంవత్సరముల నాటి యంత్రములుండుట సాధారణము. నాలుగు జీబీల జ్ఞాపకశక్తితో, వెనుక వైరస్ నిరోధక కార్యక్రమమొకటి నడచుచుండగా, వానికి ఈ పని భారమగును. ఒకే స్లయిడులో ఆరు చిత్రములను కూర్చినచో ఆరు రెట్లు భారము.

ఇంత శ్రమపడి విప్పిన చుక్కలలో తెర మీదికి చేరునవి ఎన్ని? పాత ప్రొజెక్టరులలో పలువిధములు అడ్డము 1024, నిలువు 768 చుక్కలను మాత్రమే చూపగలవు. అనగా 7 లక్షల 86 వేల 432. కోటి 20 లక్షల చుక్కలను విప్పి, ప్రతి పదునైదింటిలో పదునాలుగింటిని పారవేయుచున్నామన్నమాట! ఫుల్ హెచ్‌డీ యనబడు మంచి ప్రొజెక్టరు సైతము 20 లక్షల 73 వేల 600 చుక్కలకు మించి చూపదు. పెద్ద చిత్రము పెట్టినచో తెర మీద స్పష్టత హెచ్చునను నమ్మకము మన విద్యార్థులలో బలముగా నున్నది. ప్రొజెక్టరు చూపగలిగినంతవరకే అది నిజము. దానికి పైన పెట్టినదెల్ల ఆలస్యమునకు మాత్రమే పనికివచ్చును.

స్కానుచేసిన పాత ఛాయాచిత్రముల విషయమున ఈ దోషము ఇంకను హెచ్చుగా కనిపించును. ఎనిమిది అంగుళముల వెడల్పు, పది అంగుళముల ఎత్తు గల చిత్రమును అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కాను చేసినచో 4800కు 6000, అనగా 2 కోట్ల 88 లక్షల చుక్కలు. బైట్లలో 8 కోట్ల 64 లక్షలు. దానిని టిఫ్ ఫైలుగా, నొక్కకుండ, అట్లే స్లయిడులో అతికించిన వారున్నారు. గ్రంథాలయమున భద్రపరచుటకు అట్టి ఫైలు ఉండవలసినదే; దానిని చెరుపరాదు. కాని సభకు కొనిపోవలసినది దాని చిన్న ప్రతిని.

కుదించు మార్గము సులభమైనది. పవర్‌పాయింట్‌లో ఒక చిత్రమును ఎన్నుకొని, పిక్చర్ ఫార్మాట్ అను శీర్షిక క్రింద ‘కంప్రెస్ పిక్చర్స్’ అను ఆజ్ఞను నొక్కవలెను. అందులో అంగుళమునకు 330, 220, 150, 96 చుక్కలను మెట్లు కనిపించును. ఏది ఎన్నుకొనవలెను? లెక్క వేయుదము. 2013 కూర్పు మొదలుకొని స్లయిడు వెడల్పు మామూలుగా పదమూడు అంగుళముల పైన మూడవ వంతు. ఎత్తు ఏడున్నర అంగుళములు. 150 మెట్టున నిండు స్లయిడు చిత్రము 2000కు 1125 చుక్కలగును. ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టరునకు అది సరిగా సరిపోవును. 96 మెట్టున 1280కి 720 అగును. పాత ప్రొజెక్టరునకు అదియును చాలును. కావున 150 ఎన్నుకొనిన ఎక్కడను చిక్కు రాదు. ‘ఈ చిత్రమునకు మాత్రమే’ అను గడిలోని గుర్తును తీసివేసినచో ఫైలులోని చిత్రములన్నియు ఒక్కమారే కుదింపబడును. కత్తిరించిన భాగములను తొలగించు గడిని గుర్తింపవలెను. ఏలయన మనము కత్తిరించితిమనుకొన్న అంచులు నిజముగా పోవు, ఫైలులో దాగియుండి బరువు పెంచును. లిబ్రే ఆఫీసు ఇంప్రెస్ వాడువారికి టూల్స్ అను శీర్షిక క్రింద ‘మినిమైజ్ ప్రెజెంటేషన్’ అను ఆజ్ఞ ఇదే పని చేయును. అది ఉచితముగా లభించు కార్యక్రమము. కళాశాల యంత్రములన్నిటిలోను దానిని ఉంచుట మేలని మా అభిప్రాయము.

ఏ చిత్రము బరువైనదో కనిపెట్టుటకు ఒక చిన్న ఉపాయము కలదు. 2007 కూర్పు నుండి పవర్‌పాయింట్ ఫైలు, పేరు చివర పీపీటీఎక్స్ అని యున్నది, నిజమునకు జిప్ అను మూట. దాని నకలు ఒకటి తీసి, పేరు చివరి అక్షరములను జిప్ అని మార్చి తెరచినచో లోపల పీపీటీ అను సంచి, ఆ సంచిలో మీడియా అను మరియొక సంచి కనిపించును. చిత్రములన్నియు అందే యుండును. పరిమాణము ననుసరించి వరుస పెట్టినచో దోషి ఎవరో క్షణములో తేలును. అరవై చిత్రములలో యాబది యెనిమిది తేలికగా నుండి, రెండు మాత్రమే సభనంతను నిలిపివేయుట మేము చూచితిమి.

అసలే రాని బొమ్మ

ఆలస్యము వేరు, అసలే రాకపోవుట వేరు. చిత్రముండవలసిన చోట ఎర్రని గుణకారపు గుర్తు కనిపించినచో దానికి బరువుతో నిమిత్తము లేదు. చిత్రమును స్లయిడులో చేర్చుటకు రెండు త్రోవలున్నవి. ఒకటి చిత్రమునే లోపల పెట్టుట. రెండవది ‘లింక్ టు ఫైల్’, అనగా చిత్రమెక్కడ నున్నదో చిరునామా మాత్రము వ్రాసి పెట్టుట. ఇంటి యంత్రములో ఆ చిరునామా సరిగానే యుండును. ఫైలును మాత్రము పెన్ డ్రైవులో పెట్టుకొని కళాశాలకు వచ్చినచో చిరునామా ఉండును, చిత్రము ఇంట నుండును. పాటలు, వీడియోలు కూడ ఇట్లే తప్పిపోవుచుండును. ఫైలు శీర్షికలోని ఇన్ఫో పుటలో ‘ఎడిట్ లింక్స్ టు ఫైల్స్’ అను వాక్యము కనిపించినచో ఏదో ఒకటి బయట నున్నదని అర్థము. అక్కడనే బంధమును త్రెంచి చిత్రమును లోపలికి తీసికొనవచ్చును.

ఐఫోనుల విషయమొకటి చెప్పవలసియున్నది. 2017 మొదలు ఆ ఫోనులు చిత్రములను హీక్ అను క్రొత్త రూపమున దాచుచున్నవి. పాత విండోసు యంత్రములు దానిని చదువలేవు. ఫోను సెట్టింగులలో కెమెరా క్రింద ‘మోస్ట్ కంపాటిబుల్’ అని ఎన్నుకొనిన జేపెగ్ రూపమున తీయును. ఇక వాట్సాప్ ద్వారా వచ్చిన చిత్రములు మామూలుగా కుదింపబడియే వచ్చును. కావున తెర మీదికి త్వరగా వచ్చునే గాని, అందులో ఒక ముఖమును మాత్రము కత్తిరించి పెద్దది చేసినచో మసకబారును. బృందచిత్రములనుండి ముఖములను వేరుచేయదలచినవారు అసలు ఫైలును తెప్పించుకొనుట మంచిది.

పెన్ డ్రైవు నుండియే ప్రదర్శనను నడుపుట మన వారికి మిక్కిలి ఇష్టమైన అలవాటు. యూఎస్‌బీ 2.0 అను పద్ధతి సెకనుకు 480 మెగాబిట్లు, అనగా 60 ఎంబీలు, పంపగలదని పైన వ్రాసియుండును. చవక పెన్ డ్రైవులు అందులో సగము కూడ ఈయజాలవు. ఫైలును ముందుగా కంప్యూటరులోనికి నకలు చేసి, అక్కడనుండి తెరచి, పెన్ డ్రైవును జేబులో వేసికొనవలెను. దీనికి పట్టునది అర నిమిషము. వెబ్‌లో దాచిన ఫైలును సభామందిరపు వై-ఫైని నమ్ముకొని అక్కడికక్కడ తెరచుటను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు.

కాలము తప్పిన స్లయిడు

ఇక రెండవ చిక్కు. చిత్రములన్నియు తేలికగానే యున్నవి. కాని స్లయిడులు తమంతట తాము మారవలసినప్పుడు మారవు, మారరానప్పుడు మారును.

మారకపోవుటకు రెండు చోట్ల చూడవలెను. ట్రాన్సిషన్స్ అను శీర్షిక క్రింద కుడివైపున ‘అడ్వాన్స్ స్లయిడ్’ అని యుండును. అందు రెండు గడులు. ‘ఆన్ మౌస్ క్లిక్’ అనునది మీట నొక్కినపుడు మారుటకు. ‘ఆఫ్టర్’ అనునది ఇంత కాలము తరువాత మారుటకు. రెండవ గడిని గుర్తించి కాలము వ్రాయవలెను. అన్ని స్లయిడులకును వర్తింపజేయవలెనన్న ‘అప్లై టు ఆల్’ నొక్కవలెను. అది మరచినచో మొదటి స్లయిడు మారి రెండవది గోడకు కొట్టిన మేకువలె నిలిచిపోవును. రెండవ చోటు ‘సెటప్ స్లయిడ్ షో’. అందు ‘మాన్యువల్లీ’ అని యున్నచో మనము వ్రాసిన కాలములన్నియు వ్యర్థము. ‘యూజింగ్ టైమింగ్స్’ అని యుండవలెను. అక్కడనే కియోస్కు అను విధము కూడ కలదు. ప్రవేశద్వారము వద్ద ఎవరును తాకకుండ తిరుగుచుండు ప్రదర్శనకు అది తగినది. కాని ఆ విధమున మౌసు నొక్కినను స్లయిడు కదలదు. కాలములు వ్రాయక కియోస్కు నెన్నుకొనినవాడు మొదటి స్లయిడు వద్దనే సభ ముగింపవలసివచ్చును.

దీనికి విపర్యయము వక్త మాటాడుచుండగా స్లయిడు తానే మారిపోవుట. విద్యార్థి ఇంట ‘రిహర్స్ టైమింగ్స్’ అను ఆజ్ఞతో అభ్యసించును. కార్యక్రమము అతడు ఏ స్లయిడు వద్ద ఎంత సేపున్నాడో వ్రాసికొని, చివర ‘ఈ కాలములను దాచవలెనా?’ అని అడుగును. అతడు అవునని నొక్కును. ఇంట ఎవరును ప్రశ్నలు వేయరు, దగ్గు రాదు, చప్పట్లుండవు. సభలో ఇవన్నియు నుండును. దాచిన కాలము పూర్తికాగానే స్లయిడు వక్తను విడిచి పోవును. పైన చెప్పిన చోట ‘మాన్యువల్లీ’ ఎన్నుకొనినచో చాలును. కాలములను పూర్తిగా తుడిచివేయదలచినచో రికార్డు ఆజ్ఞ క్రింద ‘క్లియర్ టైమింగ్స్ ఆన్ ఆల్ స్లయిడ్స్’ కలదు. ప్రసంగించువాడు తన చేతితోనే స్లయిడును మార్చుకొనుట ఉత్తమమని మా మతము. అయితే కావలెనని కాలమునకు కట్టుబడు ప్రసంగపద్ధతియు లోకమున లేకపోలేదు. 2003లో టోక్యోలో ఆస్ట్రిడ్ క్లైన్, మార్క్ డైథమ్ అను వాస్తుశిల్పులు పెచకుచ అను పద్ధతిని మొదలిడిరి. స్లయిడులు ఇరువది, ఒక్కొక్కటి ఇరువది సెకనులు, మొత్తము 6 నిమిషముల 40 సెకనులు. వక్త ఆపుటకు వీలులేదు. మన సెమినారులలో ఒకమారు ఈ పందెమును పెట్టి చూచినచో వినోదముగానే యుండును.

చిత్రము స్లయిడుతోపాటు రాక కొంత తరువాత వచ్చుటకు బరువొక్కటే కారణము కాదు. యానిమేషను కూడ కావచ్చును. ఒక చిత్రమునకు యానిమేషను పెట్టినపుడు అది ‘ఆన్ క్లిక్’ వచ్చునా, ముందుదానితో కలిసి ‘విత్ ప్రీవియస్’ వచ్చునా, ముందుది ముగిసిన తరువాత ‘ఆఫ్టర్ ప్రీవియస్’ వచ్చునా యని నిర్ణయింపవలెను. దాని ప్రక్క ‘డిలే’ అని మరియొక గడి కలదు. ఎవరో ఒకప్పుడు అందు మూడు సెకనులు వ్రాసియుందురు. ఆ స్లయిడును నకలు తీసి పదుగురు వాడుకొందురు. పదుగురికిని మూడేసి సెకనుల ఆలస్యము వారసత్వముగా సంక్రమించును. పైగా స్లయిడునకు ఐదు సెకనులని వ్రాసి, అందులోని యానిమేషనులు మొత్తము ఎనిమిది సెకనులు పట్టినచో, స్లయిడు ఐదవ సెకనున మారదు. అవి ముగియువరకు వేచియుండును. యానిమేషన్ పేన్ అను పట్టికను తెరచి చూచినచో ఇవన్నియు వరుసగా కనిపించును. అక్షరములు గిరగిర తిరుగుచు వచ్చుట, బొమ్మలు బంతివలె ఎగురుట మొదలగు వేడుకల వలన విషయమునకు కలుగు లాభమేమియో మాకు తెలియదు. నష్టము మాత్రము పైన చెప్పితిమి.

వీడ్కోలు సభ పాట

పాటతో కూడిన చిత్రమాల మన కళాశాలలలో మిక్కిలి ప్రీతిపాత్రమైనది. ఇందే లెక్క తప్పుట అధికము. పాట నిడివి 4 నిమిషముల 30 సెకనులు, అనగా 270 సెకనులు. చిత్రములు 45. భాగించి, ఒక్కొక్కదానికి ఆరు సెకనులని ‘ఆఫ్టర్’ గడిలో వ్రాయుదురు. లెక్క సరిగానే యున్నట్లు తోచును. కాని ఒక చిత్రమునుండి మరియొకదానికి మారుటకు ఒకటిన్నర సెకను పట్టు ట్రాన్సిషను ఒకటి పెట్టియుందురు. ఆ ఒకటిన్నర సెకను ఈ ఆరింటిలో చేరినది కాదు, దాని పైన అదనము. అనగా ఒక్కొక్క చిత్రమునకు ఏడున్నర సెకనులు. మొత్తము 337 సెకనులకు పైగా. పాట ముగియునాటికి ఇంకను తొమ్మిది చిత్రములు మిగిలియుండును. అవి నిశ్శబ్దములో నడచును. సభ అప్పటికే లేచుచుండును. చిత్రములను కూర్చువారు సాధారణముగా మొదట కార్యవర్గము, తరువాత అధ్యాపకులు, ఆ పిమ్మట విద్యార్థులు, తుదిని కార్యాలయ సిబ్బంది, అటెండర్లు, కావలివాడు అను వరుసను పాటింతురు. కావున పాట లేకుండ, చప్పట్లు లేకుండ, వెనుదిరిగిన వీపుల ముందు పోవు ఆ తొమ్మిది చిత్రములెవ్వరివో పాఠకులే ఊహింపగలరు. ముప్పది సంవత్సరములు గంట కొట్టి ఆ దినము పదవీవిరమణ చేయుచున్న మనుజుని ముఖము అందులో నుండవచ్చును.

ఈ ఉదాహరణములో ‘ఆఫ్టర్’ గడియందు నాలుగున్నర వ్రాసిన లెక్క కుదురును. పది స్లయిడులతో ఒక చిన్న నమూనా చేసి గడియారము పెట్టుకొని చూచినచో తమ యంత్రమున ఎంత అదనము పడుచున్నదో ఎవరికి వారు తెలిసికొనవచ్చును. పాటకు ‘ప్లే అక్రాస్ స్లయిడ్స్’ అను గుర్తు పెట్టవలెను. లేనిచో మొదటి స్లయిడు మారగానే పాట ఆగిపోవును. వీనికంటెను భద్రమైన మార్గము మొత్తమును వీడియోగా మార్చుట. ఎక్స్‌పోర్ట్ క్రింద ‘క్రియేట్ ఎ వీడియో’ అను ఆజ్ఞ 2010 కూర్పునుండి కలదు. 2013 నుండి ఎంపీ4 రూపమున తీయవచ్చును. విప్పుట, కుదించుట, కూర్చుట అంతయు ఇంటనే ముందుగా జరిగిపోవును. పాటయు చిత్రమును ఒకదానికొకటి కుట్టబడియుండును. సభలో యంత్రము చేయవలసినది సినిమా చూపినట్లు చూపుట మాత్రమే. మధ్యలో ఆపి మాటాడవలసిన ప్రసంగములకు ఇది తగదు; చిత్రమాలకు ఇంతకంటె తగినది లేదు.

రెండు లిపుల చిక్కు

మన కళాశాలలో ఉర్దూ తెలుగులు రెండును నడచును గనుక మరియొక సంగతి చెప్పక తప్పదు. బొమ్మ వచ్చును, అక్షరము చెడును. ఇంట జమీల్ నూరీ నస్తాలీఖ్ అక్షరములతో ముచ్చటగా వ్రాసిన ఉర్దూ పంక్తి సభామందిరపు యంత్రములో ఆ ఫాంటు లేనందున నిటారైన నస్ఖ్ అక్షరములలో కనిపించును. పంక్తులు పొడుగై బొమ్మ మీద పడును. తెలుగున అను ఫాంటులతో వ్రాసినవారి పాట్లు ఇంకను అధికము. అవి యూనికోడు అక్షరములు కావు. ఆ ఫాంటు లేని యంత్రమున తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, కొక్కెములు కనిపించును. పేరు, బిరుదు, శీర్షిక అన్నియు అట్లే. అతిథి పేరు ఆ విధముగా పడిన తెర ముందు అతిథిని కూర్చుండబెట్టుట ఎంత ఇబ్బందికరమో కార్యవర్గమువారికి తెలియనిది కాదు. తెలుగునకు యూనికోడు ఫాంటులనే వాడవలెను. నిర్మల వంటిది విండోసుతోనే వచ్చును. ఉర్దూకు నోటో నస్తాలీఖ్ ఉచితముగా లభించును. ఫైలు ఆప్షన్సులో సేవ్ అను పుటయందు ‘ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ది ఫైల్’ అను గడిని గుర్తించినచో, అనుమతి గల ఫాంటులు ఫైలుతోపాటే ప్రయాణించును. అలంకారముగా ఒకటి రెండు పంక్తులే యున్నచో వానిని చిత్రముగా మార్చి అతికించుట కూడ ఒక పద్ధతి.

సభామందిరములో

ఝాంసింగ్ దేవాలయమును, దాని చెంతనే యున్న మసీదును ఒకే చట్రములో చూపు చిత్రమొకటి విద్యార్థులు తమ గుడిమల్కాపూరు ప్రదర్శనలో తప్పక పెట్టుదురు. అది కంప్యూటరులో సరిగా వచ్చి, ప్రొజెక్టరులో తెరకు సరిపోక కనిపించినచో దోషము స్లయిడుది కాదు. స్లయిడు పదునారు పాళ్ల వెడల్పునకు తొమ్మిది పాళ్ల ఎత్తు, ప్రొజెక్టరు నాలుగునకు మూడు. ముందుగా ప్రొజెక్టరు కొలతను అడిగి తెలిసికొని, డిజైన్ శీర్షికలో స్లయిడు కొలతను దానికి తగినట్లు పెట్టుకొనవలెను. తీగను తగిలించిన పిమ్మట ప్రొజెక్టరు సంకేతమును గుర్తించుటకు కొన్ని సెకనులు తెర నల్లగా నుండును. అపుడు తొందరపడి మీటలు నొక్కినచో, నొక్కినవన్నియు వరుసలో నిలిచి తరువాత ఒక్కమారే పనిచేయును. మొదట చెప్పిన పరుగు అదియే. ఒకమారు నొక్కి, మనసులో ఐదు లెక్కించుట అలవాటు చేసికొనవలెను.

ల్యాప్‌టాపును బ్యాటరీ మీద నడిపినచో శక్తిని ఆదా చేయుటకై అది తన వేగమును తానే తగ్గించుకొనును, ఛార్జరు తగిలించియుంచవలెను. కొన్ని కూర్పులలో చిత్రములు మినుకుమినుకుమనుచు ఆలస్యముగా వచ్చుటకు గ్రాఫిక్సు డ్రైవరు కారణమై యుండును. ఆప్షన్సులో అడ్వాన్స్‌డ్ పుటయందు హార్డ్‌వేర్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్‌ను ఆపివేయు గడి యున్నచో గుర్తించి చూడవచ్చును.

మొదటిసారి నెమ్మదిగా వచ్చిన చిత్రము రెండవసారి చురుకుగా వచ్చుట చాలమంది గమనించియుందురు. ఒకసారి విప్పిన చిత్రము కొంతకాలము జ్ఞాపకశక్తిలో నిలిచియుండుటయే దీనికి కారణము. కావున సభ ఆరంభమగుటకు అరగంట ముందు, అదే యంత్రము మీద, అదే ప్రొజెక్టరుతో, మొదటి స్లయిడు నుండి తుది స్లయిడు వరకు ఒకమారు త్రిప్పి చూచి, ఫైలును మూయకుండ మొదటి స్లయిడు వద్ద ఉంచవలెను. ఈ అరగంట కొరకు సభామందిరపు తాళపుచెవి విద్యార్థుల చేతికి అందవలెను. అతిథులు వచ్చిన తరువాత తలుపు తెరచు పద్ధతి యున్నచోట పైన చెప్పినదేదియు సాధ్యము కాదు. ఆ ఒక్క విషయము కార్యవర్గమువారి చేతిలో నున్నది.